మన మాట, పుస్తకం మాట



మూడేళ్ల కిందటి సంగతి. వానాకాలం, ముసురు పట్టిన సాయంత్రం. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి ఒక రైతు వచ్చాడు. వెంట ఇంటర్ చదివే కూతురు. జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రచెలకల్లో అల్లం, ఆలుగడ్డ పండించే కుటుంబం వాళ్లది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"సారూ, అల్లం ఆకులు పచ్చబడ్డయ్. ఫోన్ల అడిగితె పసుపు పాలు ఎట్ల కాయాల్నో చెప్తున్నది" అన్నాడు.

అల్లం పెట్టినవాళ్లకు ఆ బాధ ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. విత్తనం కొనడానికే పెట్టుబడిలో పెద్ద భాగం పోతుంది. మడిలో ఒక మూల మొదలైన రోగం, నీళ్లు నిలిస్తే నాలుగు రోజుల్లో పక్క మడికి పాకుతుంది. ఆ సమయంలో ఫోను పసుపు పాల గురించి చెబితే మనిషికి ఎంత నిస్సహాయంగా ఉంటుందో ఆయన ముఖంలో చూశాను.

ఏం రాసి వెతికారో చూపించమన్నాను. అమ్మాయి చూపించింది. "అల్లం పసుపు" అని రెండే మాటలున్నాయి. తప్పు ఆ అమ్మాయిది కాదు. వాళ్ల నాన్న "పచ్చబడ్డయ్" అన్నాడు. మన దగ్గర పచ్చ అంటే చెట్టు రంగూ అవుతుంది, పచ్చకామెర్ల రంగూ అవుతుంది. పచ్చ అని రాస్తే ఆకు బాగున్నట్టు అర్థం వస్తుందేమోనని అమ్మాయి ఆలోచించి పసుపు అని మార్చింది. ఆ పసుపు రంగూ అవుతుంది, వంటింట్లో డబ్బాలో ఉండేదీ అవుతుంది. అల్లం, పసుపు రెండూ ఒకచోట చూసిన గూగుల్ నేరుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ముగ్గురం కూర్చుని మళ్లీ రాశాం. "అల్లం ఆకులు పసుపు రంగు తెగులు." ఈసారి వంటిల్లు పోయి పొలం వచ్చింది. వచ్చిన పేజీల్లో ఒక మాట మళ్లీమళ్లీ కనబడింది: దుంప కుళ్లు. ఆ మాట పట్టుకుని మూడోసారి వెతికాం. "అల్లం దుంప కుళ్లు తెగులు లక్షణాలు." అప్పుడు వచ్చిన వివరాలు ఒక్కొక్కటే చదివి వినిపించాను. కింది ఆకులు ముందు పసుపు రంగుకు మారతాయి, మొదలు దగ్గర కాండం మెత్తబడుతుంది, లాగితే తేలిగ్గా ఊడి వస్తుంది, దుంప నుంచి దుర్వాసన వస్తుంది. "గదే సారూ! లాగితె ఊడొస్తున్నది, కంపు గొడుతున్నది" అని ఆయన కుర్చీలోంచి లేచాడు.

పిథియం అనే శిలీంధ్రం వల్ల ఆ తెగులు వస్తుందని, నీళ్లు నిలిచే నేలలో ఎక్కువ పాకుతుందని, ముందు మురుగునీరు పోయే దారి చేయాలని ఆ పేజీలే చెప్పాయి. మందు మోతాదు మాత్రం ఫోనులో చూసి కొట్టొద్దని చెప్పాను. ఊడిన మొక్కను సంచిలో పెట్టుకుని దిడ్గిలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లమన్నాను. మర్నాడు పొద్దున్నే వెళ్లాడు.

ఆ సాయంత్రం తర్వాతే నాకు ఒక సంగతి స్పష్టమైంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఇంటర్నెట్టులో వెతకడం నేర్పుతున్నాను. అయినా అప్పటిదాకా దాన్ని ఇంత సూటిగా చెప్పలేకపోయాను. మొదటిసారి వెతికేది జవాబు కోసం కాదు, మాట కోసం. మనకు కావలసిన సంగతి రాసినవాడు దాన్ని ఏ మాటతో రాసి ఉంటాడో ఆ మాట ముందు పట్టుకోవాలి. అది దొరికాక జవాబు ఎంతో దూరంలో ఉండదు.

ఇది ఎందుకు ఇలా ఉందో కాస్త చెబుతాను. మనం ఫోనులో ప్రశ్న రాసి నొక్కగానే ఆ యంత్రం అప్పటికప్పుడు ప్రపంచమంతా తిరిగి రాదు. తిరగడం ముందే అయిపోయి ఉంటుంది. కోట్ల పేజీలు ముందే చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో సూచిక తయారుచేసి పెట్టుకుంటుంది. లావాటి పుస్తకం చివర అకారాది క్రమంలో మాటలు, పేజీ నంబర్లు ఉంటాయి చూడండి, అలాంటిదే. 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న అలన్ ఎంటేజ్ తయారుచేసిన ఆర్చీ అనే వెతికే యంత్రానికి ఫైళ్ల పేర్లు వెతకడం వరకే వచ్చు. 1998లో గూగుల్ కంపెనీ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇంకో ఆలోచన కలిపారు. ఒక పేజీ వైపు ఎంతమంది వేలు చూపిస్తున్నారు, ఆ చూపించేవాళ్లు ఎంత నమ్మదగినవాళ్లు అని లెక్కగట్టి వరుస పెట్టారు. ఊళ్లో మంచి వైద్యుడెవరని అడిగితే నలుగురు పెద్దమనుషులు ఒకే ఇల్లు చూపించినట్టు. ఇప్పటి యంత్రాలు మన మాట వెనుక అర్థాన్ని కూడా పట్టుకోవడానికి ప్రయత్నిస్తాయి. ఇంగ్లీషులో బాగానే పట్టుకుంటాయి. తెలుగులో, అందులోనూ మన మాండలికంలో, ఇంకా తడబడతాయి.

అందుకే జహీరాబాద్‌లో ఉండే మనకు ఈ పని కాస్త ఎక్కువ కష్టం. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పేపర్లో వచ్చే తెలుగు ఇంకొకటి. బజారుకు వెళితే ఉర్దూ, బీదర్ వైపు నాలుగడుగులు వేస్తే కన్నడం, సంతలో మరాఠీ. ఒకే పంటకు మనకు నాలుగు పేర్లు వస్తాయి గానీ, మనం తలచుకున్న పేరుతోనే అవతలివాడు రాసి ఉండాలని లేదు. మనం తైదలు అంటాం. పుస్తకాల్లో రాగులు. ఉత్తరాంధ్రలో చోళ్లు. గింజ ఒక్కటే. తైదలు అని రాస్తే వచ్చే పేజీలు పిడికెడు, రాగులు అని రాస్తే బస్తాలకు బస్తాలు. ఆలుగడ్డ, బంగాళదుంప, ఉర్లగడ్డ. మక్కలు, మొక్కజొన్న. పుంటికూర, గోంగూర. మన మాట వదిలేయమని నేను చెప్పడం లేదు. దాన్ని అట్టే పెట్టుకుని, దాని పక్కన పుస్తకం మాటను కూడా నిలబెట్టమంటున్నాను.

కాలాల పేర్లు కూడా చూడండి. ఈమధ్య తెలంగాణ ప్రభుత్వ కాగితాల్లో వానాకాలం, యాసంగి అని వస్తున్నాయి. పాత కాగితాల్లో ఖరీఫ్, రబీ. పదేళ్ల కిందటి సిఫార్సు కావాలంటే యాసంగి అని వెతికితే దొరక్కపోవచ్చు. రబీ అని వెతకాలి.

అన్ని భాషల్లోనూ మారకుండా ఉండే పేరు ఒక్కటుంది, శాస్త్రీయ నామం. తైదలకు ఎల్యూసైనీ కొరకానా, కొర్రలకు సెటేరియా ఇటాలికా. ఈ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వెతికితే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాసిందీ, మన హైవే మీదే పటాన్‌చెరు దగ్గర 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ రాసిందీ, ఆఫ్రికాలో రాసిందీ ఒకేచోట కనబడతాయి. డిగ్రీ పిల్లలకు ఇది ముఖ్యంగా చెబుతున్నాను.

ఇంకో కిటుకు ఉంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, పని చేస్తూ చేస్తూ పట్టుబడింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు కదా. అప్పటినుంచి కొర్రలు అని రాస్తే చాలు, కొర్ర ఉప్మా, కొర్ర పాయసం, షుగరు తగ్గుతుందనే వీడియోలు, అమ్మే దుకాణాలు ముంచెత్తుతున్నాయి. విత్తాలనుకునే రైతుకు వాటితో పని లేదు. అప్పుడు కొర్రలు పక్కన "ఎకరాకు" అని చేర్చండి. కొర్రల గురించి ఎకరాకు అనే మాట ఎక్కువగా రైతుకోసం రాసేవాడే వాడతాడు. వంట చెప్పేవాడు చెంచా అంటాడు, కప్పు అంటాడు. వైద్యుడు మిల్లీగ్రాములంటాడు. లెక్క చెప్పే ఒక్క మాట చేరిస్తే మీకు కావలసిన మనిషి రాసిన పేజీలు ముందుకొస్తాయి.

అక్షరాల సంగతి కూడా చెప్పాలి. తెలుగులో మాట చివర విభక్తి అతుక్కుంటుంది. "అల్లానికి వచ్చే తెగుళ్లు ఏమిటి" అని నిండు వాక్యం రాస్తాం. అందులో అల్లం అనే మాటే అసలు లేదు, అల్లానికి అని ఉంది. తెగులు లేదు, తెగుళ్లు ఉంది. ఆ తెగుళ్లను కూడా కొందరు ళకు లవత్తు పెట్టి రాస్తారు, కొందరు ళకు ళవత్తు పెడతారు. మనకు రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేర్వేరు మాటలుగా కనబడవచ్చు. అందుకని విభక్తులు, క్రియలు తీసేసి మాటను మొదటి రూపంలో రాయండి. "అల్లం తెగులు నివారణ." మూడు మాటలు చాలు. దొరక్కపోతే వత్తు మార్చి ఇంకోసారి.

మన ఊరి పేరే చూడండి. జహీరాబాద్, జహిరాబాద్, జహీరాబాదు. ఇంగ్లీషులో కొందరు రెండు ఈలు పెడతారు, కొందరు ఒక్క ఐ పెడతారు. రైల్వే వాళ్లది ఒక్క ఐ. జెడ్ బదులు జే పెట్టేవాళ్లూ ఉన్నారు. ఊరి పేరుకన్నా పెద్ద చిక్కు జిల్లాది. 2016 అక్టోబర్ 11 నుంచి మనది సంగారెడ్డి జిల్లా. అంతకుముందు మెదక్. 2014 జూన్ 2కు ముందు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇంకా వెనక్కి, 1956 నవంబర్ 1కి ముందు, జహీరాబాద్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో బీదర్ జిల్లా మైసూరుకు పోయినప్పుడు జహీరాబాద్, న్యాల్‌కల్, నారాయణఖేడ్ ప్రాంతాలు ఇటు వచ్చాయి. ఒక పెద్దాయన వాళ్ల ఊరి పాత జనాభా లెక్కల కోసం నెలల తరబడి మెదక్ జిల్లా అని వెతికి విసిగిపోయాడు. బీదర్ జిల్లా, హైదరాబాద్ స్టేట్ అని వెతికితే ఆర్కైవ్ డాట్ ఓఆర్‌జీలో స్కాన్ చేసిన పాత పుస్తకాలు బయటపడ్డాయి. నిజాం కాలపు కాగితాలు ఎక్కువ ఉర్దూలో ఉంటాయి కాబట్టి, ఇంట్లో ఉర్దూ రాసేవాళ్లుంటే వాళ్లచేత ఊరి పేరు ఆ లిపిలో కొట్టించి చూడండి. మన పట్టణంలో ఆ సాయం ప్రతి వీధిలోనూ దొరుకుతుంది.

ఇక గుర్తుల గురించి. వీటిని కాగితం మీద రాసుకోండి, నేను మెల్లగా చెబుతాను.

మొదటిది జంట కొటేషన్ గుర్తులు. ఒక మాటల జంటకు ముందూ వెనకా ఆ గుర్తులు పెడితే, సరిగ్గా ఆ వరుసలో ఆ మాటలు ఉన్న పేజీలే కావాలని అడిగినట్టు. దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. సంఘం రేడియో. కొటేషన్ లేకుండా రాస్తే ఉద్యోగ సంఘాలు, రైతు సంఘాలు, ఎక్కడెక్కడివో రేడియోలు వస్తాయి. వత్తు తీసేసి సంగం అని రాస్తే నెల్లూరు జిల్లాలోని సంగం ఊరు వస్తుంది. రెండు మాటలకూ కలిపి కొటేషన్ పెడితే ఆ రేడియో ఉన్న మన మాచ్‌నూర్ వస్తుంది.

ఆ రేడియో గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఇందులో వెతకడానికి సంబంధించిన పాఠం కూడా ఉంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1998లో యునెస్కో సాయంతో స్టూడియో పెట్టుకున్నాయి. అనుమతి లేదు కాబట్టి అప్పట్లో రికార్డు చేసిన క్యాసెట్లను ఊళ్లకు తీసుకుపోయి వినిపించేవారు. చివరికి 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉన్న న్యాయమూర్తి ఆయన. ఆ తీర్పు ఇచ్చిన మనిషి వచ్చి దళిత మహిళల చేతిలోని మైకును ప్రారంభించడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

మా విద్యార్థిని ఒకామె దీని మీద వ్యాసం రాస్తూ, దేశంలో మొదటి కమ్యూనిటీ రేడియో ఏదని వెతికింది. ఒక పేజీ సంఘం రేడియో అంది. ఇంకో పేజీ చెన్నైలోని అన్నా ఎఫ్ఎం అంది. ఆమె కంగారుపడి ఏది అబద్ధం అని నన్ను అడిగింది. రెండూ నిజమే. అన్నా విశ్వవిద్యాలయం రేడియో 2004 ఫిబ్రవరి 1న మొదలైంది. అప్పటికి విద్యాసంస్థలకే అనుమతి. స్వచ్ఛంద సంస్థలకు, ప్రజా సంఘాలకు 2006 చివర్లో కేంద్రం అవకాశం ఇచ్చింది. ఆ దారిలో వచ్చినవాటిలో మొదటిది మనది. మొదటిది, అతి పెద్దది, ఒకే ఒక్కటి అనే మాటలు కనబడినప్పుడు, దేనిలో మొదటిది అని ఇంకోసారి వెతకాలి. ఒక్క పేజీ చూసి ఆపేసి ఉంటే ఆ అమ్మాయి ఒక సగం నిజాన్ని నిండు నిజంలా రాసేది.

రెండో గుర్తు తీసివేత, అంటే మైనస్. జహీరాబాద్ అని రాస్తే సగం ఫలితాలు లోక్‌సభ ఎన్నికలవే. అవి వద్దనుకుంటే జహీరాబాద్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, మైనస్ పెట్టి, దానికి ఆనించి ఎన్నికలు అని రాయాలి. మైనస్‌కూ ఆ మాటకూ మధ్య ఖాళీ ఉండకూడదు, అక్కడే చాలామంది పొరబడతారు.

మూడోది నేను అన్నిటికన్నా ఎక్కువ వాడేది. ఎస్ ఐ టీ ఈ, సైట్ అని ఇంగ్లీషులో రాసి, పక్కనే కోలన్, అంటే నిలువుగా రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా జీఓవీ చుక్క ఐఎన్ అని రాయండి. తర్వాత మీ ప్రశ్న. అప్పుడు ప్రభుత్వ పేజీల్లోనే వెతుకుతుంది. అలాగే ఫైల్‌టైప్ అని రాసి కోలన్ పెట్టి పీడీఎఫ్ అంటే జీవోలు, కరపత్రాలు, సిఫార్సుల పుస్తకాల్లాంటివి వస్తాయి.

తేదీ చూడటం మరవొద్దు. భూమి రికార్డుల కోసం 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ధరణిలో ఏ బటన్ నొక్కాలో చెప్పే పేజీలు, వీడియోలు ఇప్పటికీ వేలకొద్దీ ఉన్నాయి. చేసినప్పుడు అవి సరైనవే. ఇవాళ వాటిని నమ్మి పోతే రోజు వృథా అవుతుంది. ఫలితాల పేజీలో టూల్స్ అనే చోట గత సంవత్సరం, గత నెల అని ఎంచుకునే వీలుంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి ఇంట్లో పెద్దవాళ్లను కూడా పిలిచి వినిపించండి.

ఏడాది కింద నాకు ఒక పార్సిల్ రావలసి ఉంది. రాలేదు. కస్టమర్ కేర్ నంబర్ కోసం వెతికి, మొదట కనబడిన నంబరుకు ఫోన్ చేశాను. ఇరవై ఏళ్లుగా వెతకడం నేర్పే మనిషిని, తొందరలో నేనే ఆ పని చేశాను. అవతలి మనిషి మర్యాదగా మాట్లాడాడు. అయిదు రూపాయలు కట్టాలి, ఒక యాప్ దించుకోండి అన్నాడు. ఆ యాప్ దించుకుంటే నా ఫోన్ తెర అంతా అతనికి కనబడుతుందని అప్పుడు తట్టింది. పెట్టేశాను. నా డబ్బు పోలేదు. కానీ అలా పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరకు వచ్చి ఏడ్చారు. వాళ్లలో పిల్ల పెళ్లికి దాచుకున్న డబ్బు పోయినవాళ్లున్నారు.

నంబర్లను వెతకొద్దు. బ్యాంకు నంబరు పాసుబుక్కు మీద, ఏటీఎం కార్డు వెనక ఉంటుంది. గ్యాసు నంబరు గ్యాసు పుస్తకం మీద ఉంటుంది. తప్పనిసరిగా వెతకాల్సి వస్తే ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్లి అక్కడున్న నంబరే తీసుకోండి. ఫలితాల్లో పైన స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలతో ఉంటే అది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. పైన ఉన్నంత మాత్రాన నమ్మకమైనది కాదు. వెబ్‌సైట్ పేరు చదివేటప్పుడు, పేరు తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దాకా చూసి, అక్కడినుంచి ఎడమ వైపుకు వెనక్కి చదవండి. ప్రభుత్వానిదైతే ఆ చివర జీఓవీ చుక్క ఐఎన్ లేదా ఎన్ఐసీ చుక్క ఐఎన్ ఉంటుంది. పేరు మధ్యలో ఎక్కడో జీఓవీ అని ఇరికించి చివర డాట్ కామ్ పెట్టిన దొంగ పేజీలు ఉన్నాయి. ఒకవేళ డబ్బు పోతే, సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

2024 నుంచి మన దేశంలో కూడా ఫలితాలకన్నా పైన ఏఐ రాసిన సారాంశం కనబడుతోంది. చదవడానికి హాయిగా ఉంటుంది. తప్పు కూడా అంతే హాయిగా చెప్పగలదు. పక్కన ఇచ్చిన లింకు తెరిచి, అక్కడ నిజంగా ఆ మాట ఉందో లేదో చూడండి. ముఖ్యంగా మందుల మోతాదు, పొలానికైనా ఒంటికైనా. రైతులకు కిసాన్ కాల్ సెంటర్ ఉంది, 1800 180 1551. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

వెతికినా దొరకనివాటి గురించి కూడా చెప్పాలి. తెలుగు అక్షరాలకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. అయినా మన డీటీపీ సెంటర్లలో చాలాకాలం అను ఫాంట్లలాంటివి వాడారు. వాటితో కొట్టిన ఫైలు మన కంటికి తెలుగే. లోపల మాత్రం యంత్రానికి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్పగా కనబడుతుంది. స్కాన్ చేసిన పుస్తకమైతే వట్టి బొమ్మ. రైతుల కోసం రాసిన మంచి మంచి కరపత్రాలు ఇలా ఇంటర్నెట్టులో ఉండి కూడా లేనట్టే పడి ఉన్నాయి. వాటికోసం వెతికేటప్పుడు శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడండి. ఫైలుకు పేరు చాలాసార్లు ఇంగ్లీషులోనే పెట్టి ఉంటారు. ఈ మధ్య ప్రభుత్వ శాఖలు యూనికోడ్‌లో పెడుతున్నవి పెరిగాయి. పాతవి కూడా ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి. నాకు దాని మీద చాలా బెంగ ఉంది.

చదవడం, రాయడం రానివాళ్లు మైకు గుర్తు నొక్కి మాట్లాడవచ్చు. మన యాసలో మాట్లాడితే ఒక్కోసారి వేరే మాట రాసుకుంటుంది కాబట్టి, ఏం రాసుకుందో పిల్లల చేత చదివించుకోండి. అసలు మాటే తెలియకపోతే ఫోటో ఉంది. గూగుల్ లెన్స్‌లో ఆకునో, పురుగునో, కలుపు మొక్కనో ఫోటో తీసి చూపిస్తే పోలిన బొమ్మలు, పేర్లు చూపిస్తుంది. పువ్వు, ఆకు, కాండం విడివిడిగా తీయండి, వెలుతురులో తీయండి. అది చెప్పిన మొదటి పేరునే ఖాయం చేసుకోకుండా, ఆ పేరుతో మళ్లీ వెతికి, బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. తినే ఆకైతే ఫోను మాట మీద తినొద్దు. ఇంట్లో నానమ్మను అడగండి.

అల్లం రైతు కూతురు గురించి చెప్పి ముగిస్తాను. దిడ్గి వెళ్లొచ్చాక ఆ కుటుంబం రోగం పట్టిన మొక్కలు పీకేసి, కాలువలు తీసి, మిగిలిన మడులు కాపాడుకుంది. వారం తర్వాత ఆ అమ్మాయి ఒక రెండువందల పేజీల నోటుబుక్కు తెచ్చి నాకు చూపించింది. పేజీ మధ్యలో నిలువు గీత కొట్టింది. ఎడమ పక్క "మన మాట", కుడి పక్క "పుస్తకం మాట" అని రాసింది. మొదటి వరుసలో పచ్చబడుడు, పసుపు రంగుకు మారడం. రెండో వరుసలో తైదలు, రాగులు. వాళ్ల నానమ్మ చెబుతుంటే ఎడమ వైపు నింపుతుంది. కుడి వైపు తను ఫోనులో వెతికి నింపుతుంది.

కిందటి నెల మళ్లీ కనబడింది. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. నోటుబుక్కు సగం దాటింది. జొన్న చేనులో తనంతట తానే మొలిచే చెంచలి కూరకు లెన్స్ డైజీరా అని చూపించిందట, నానమ్మకు ఫోనులో ఆ బొమ్మలు చూపిస్తే "గిదే, గిదే" అందట. ఆ పేరు ఎర్ర ఇంకుతో రాసుకుంది. దాని కింద ఎడమ పక్క దొగ్గలి కూర అని ఉంది. కుడి పక్క గడి ఇంకా ఖాళీ. ఆదివారం నానమ్మను వెంటబెట్టుకుని చెలకకు పోయి, పొద్దు ఎక్కకముందే ఫోటో తీస్తానని చెప్పింది.